పన్నెండో నంబరు చెప్పిన జవాబు

వలస వచ్చినవాళ్ళ మీద సదస్సు జరుగుతోంది. టీ విరామంలో హాలు బయట ఇద్దరే నిలబడ్డారు: ఇందాక తన పరిశోధన చదివి వినిపించిన అమ్మాయి, ఆ పరిశోధన కోసం తన బతుకంతా చెప్పుకున్న ఆవిడ.

"పిన్నీ, మీరొస్తారనుకోలేదు! పనికి సెలవు పెట్టారా?"

"పెట్టాను. ఒక్కపూట హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ కాకపోతే కొంపలేం మునగవులే. తెర మీద పన్నెండో నంబరు నేనేగా?"

"మీరే. పేర్లు బయటపెట్టకూడదు, అందుకని."

"దానికేంగానీ, అందులో ఒక తప్పుంది."

"అయ్యో, ఏది?"

"వారంలో ఎంతమందితో మన భాషలో మాట్లాడతారని అడిగావు. ఒక్కరితో అన్నాను."

"అవును, మీరు చెప్పిందే రాసుకున్నాను."

"ఆ ఒక్కరూ ఎవరనుకున్నావు?"

"ఎవరో చుట్టాలనుకున్నాను."

"నువ్వేనే, పిచ్చిపిల్లా! ఆదివారం ఆదివారం రికార్డరు పట్టుకుని వచ్చేదానివిగా. ఒక్కో ప్రశ్నకీ అంత సాగదీసి ఎందుకు చెప్పాననుకున్నావు?"

"పిన్నీ..."

"నువ్వు రావడం మానేసి నాలుగు నెలలైంది. సున్నా అని దిద్దుకో."

"ఈ పరిశోధన పుస్తకంగా అచ్చయిపోయింది పిన్నీ. ఇప్పుడు దిద్దడానికి లేదు."

"అయితే ఈ ఆదివారం వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళు. అచ్చయిందే నిజమైపోతుంది."

"ఈ ఆదివారం ఇంకో ఊళ్ళో సదస్సుంది. ఇదే చదవాలి."

"అలాగా. అయితే అక్కడైనా సున్నా అని చదువమ్మా."