పెద్దపేగుకు తలనొప్పి బిళ్ల

ల్యాబులో గాజు సామాను కడిగే ఆయన్ని టీకొట్టు దగ్గర అందరూ ప్రొఫెసరుగారూ అనే పిలుస్తారు. మొదట వెటకారానికే పిలిచారు గానీ, ఆయన దాన్ని బిరుదు కింద పుచ్చుకున్నాడు. ఆ సాయంత్రం ఎదురుబల్ల మీద దర్జీ పాలు లేని టీ పట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు పొద్దున ఆసుపత్రిలో అతని పెద్దపేగులోకి గొట్టం వేసి చూస్తారు. కొన్నాళ్లుగా మలంలో రక్తం పడుతోంది, పెదనాన్న పోయింది కూడా ఆ పేగు జబ్బుతోనే. జబ్బంటే భయం, గొట్టమంటే సిగ్గు. వెళ్లకుండా ఉండడానికి ఎవరైనా ఒక్క సాకు చూపిస్తే చాలని ఉంది అతనికి.

సాకులకు ప్రొఫెసరుగారి దగ్గర కొదవేముంది.

"గొట్టమెందుకయ్యా, తలనొప్పి బిళ్ల ఉండగా? మా మేడంగారు గాజు పళ్లెంలో పెద్దపేగు కణాలు పెంచుతారు, కేన్సరు కణాలు. వాటికి వేళకి తిండి, వెచ్చదనం, కొత్తల్లుడికి కూడా ఎవరూ చెయ్యరు అంత మర్యాద. తిని కూర్చుని ఒకటికి రెండు, రెండుకి నాలుగు. ఆవిడకి తలనొప్పి. 'మేడం, మీరేసుకునే ఆ బిళ్లేదో వాటికే వెయ్యండి' అన్నా. వేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" దర్జీ గ్లాసు కింద పెట్టాడు.

"పెరగడం నెమ్మదించింది."

ఇక్కడితో ఆగి ఉంటే ఆయన ఇంచుమించు నిజం చెప్పినవాడయ్యేవాడు. అంతవరకు పుస్తకాల్లోనూ ఉంది. కానీ నిజం దగ్గర ఆగడం ఆయన ఒంటికి పడదు.

"మేడం భయస్తురాలు, చిటికెడే వేశారు. ఆవిడ భోజనానికి వెళ్లగానే నేను నిండు బిళ్ల చెంచాతో నూరి వేశా. మైక్రోస్కోపులో చూద్దును కదా, కణాలన్నీ చేతులు కట్టుకుని నిలబడ్డాయి. రెండుగా విడిపోబోతున్నదొకటి నన్ను చూసి మళ్లీ ఒకటైపోయింది."

"మిమ్మల్ని చూసా, బిళ్లని చూసా?" పొయ్యి దగ్గర్నుంచి టీకొట్టావిడ అడిగింది.

"ఇద్దర్నీ చూసి. వినమ్మా. ఆ పళ్లెం కడిగిన నీళ్లు తూములో పోశానా, నాచు పెరగడం మానేసింది. గోడవారకి పాకాయి, గడ్డి ఆగిపోయింది, తోటమాలి పనిలేక కూర్చున్నాడు. అక్కడ్నించి పక్క స్థలంలోకి దిగాయి. అక్కడ కడుతున్న మేడ ఇవాళ్టికీ రెండో అంతస్తు దాటలేదు."

"మీ జీతం కూడా ఆ నీళ్లే తాగినట్టుంది," అందావిడ.

అందరూ నవ్వారు. దర్జీ నవ్వలేదు. "అయితే రోజూ బిళ్ల వేసుకుంటే గొట్టం అక్కర్లేదంటారా?" అన్నాడు. తన గొంతులో ఆశ తనకే వినబడి సిగ్గేసింది.

"నన్ను చూడు. పూటపూటా వేసుకున్నా, అదీ పరగడుపున. నా పేగు అద్దమనుకో, తొంగిచూసి తల దువ్వుకోవచ్చు. ఆసుపత్రి పెద్ద డాక్టరు నన్ను చూసి గొట్టం చుట్టి పక్కన పెట్టేశాడు."

దర్జీ జేబులోంచి ఆసుపత్రి చీటీ తీశాడు. ఒక మడత పెట్టాడు, ఇంకో మడత పెట్టాడు.

ఇంతసేపూ బల్ల చివర బన్ను తింటున్నవాడు ప్రొఫెసరుగారి బావమరిది, కరెంటు పని చేస్తాడు. చేతులు దులుపుకున్నాడు.

"గొట్టం చుట్టి పెట్టిన మాట నిజమే అన్నా," అన్నాడు దర్జీతో. "నోట్లోంచి పొట్టలోకి వేసి, పుండు కాల్చి, రక్తం ఆపాక పెట్టాడు. ఆ పరగడుపు బిళ్లలకి పొట్టలో పుండు పడి, రక్తం కక్కుకుని పడిపోయాడు బావ. అక్క కేకేస్తే నేనే భుజాన వేసుకెళ్లా. నీకసలే రక్తం పోతోంది, దాని మీద ఈయన వైద్యమొకటా?"

"అది వేరే సంగతి లేరా," ప్రొఫెసరుగారు మీసం సవరించుకున్నాడు. "ఒంట్లో రక్తమున్నవాణ్ణి కాబట్టి తట్టుకున్నా."

"ఉన్నదెక్కడ బావా? నాది ఎక్కించారు. అది నీ ఒంట్లో చేరి ఇన్ని కోతలు కోస్తుంటే నాకు తల కొట్టేసినట్టుంది."

దర్జీ చీటీ మడతలు విప్పాడు. భయం ఎక్కడికీ పోలేదు, పోయింది సాకు ఒక్కటే. "పొద్దున్నే తోడొస్తావా తమ్ముడూ?" అన్నాడు.

"వస్తానన్నా," అని అతను బావవైపు తిరిగాడు. "నువ్వూ రా బావా. నాచుని ఆపావు, గడ్డిని ఆపావు, మేడని ఆపావు. అక్కడ కాస్త నోరు ఆపు, చాలు."