కింది నుంచి చూసిన మొహం

భద్రాచలంలో ఓ ఇంటి వరండా. ఆదివారం పొద్దున. కుర్చీలో వెంకటనారాయణ, ఎదురుగా, ఒళ్లో అట్ట, దాని మీద కాగితం పెట్టుకుని, అతని భార్య హైమ.

“మళ్ల కదిలిన్రు.”

“దోమ కుట్టింది హైమా. దోమ కుట్టినా కదలొద్దా?”

“కుట్టనియ్యండి. అది ఇంత తాగి దాని దారిన అది పోతది. మీరు తల తిప్పితే నా గీతలన్ని ఆగమైతయ్.”

“ఇంకెంతసేపు? పర్ణశాల పోవాలె. మిర్చి తోటల కూలోళ్లు ఎదురుచూస్తుంటరు.”

“చూడనియ్యండి. ఆదివారం ఆదివారం పోతనే ఉన్నరు గద. ఇయ్యాల గంట ఆలస్యమైతే మిరపకాయలు ఎర్రబడకుంట ఆగుతయా?”

“నీకేం, కూసోని పెన్సిల్ గీకుతవ్. మొన్నటిదాంక వంకాయలు గీసినవ్, సొరకాయలు గీసినవ్. కూర వండమంటే బొమ్మ గీసినంక వండుత అన్నవ్. ఇప్పుడు నా మీద పడ్డవ్. ఈ వయసుల బొమ్మలు నేర్చుకునుడేందో! నలుగురు వింటే నవ్వుతరు.”

“నవ్వితే నవ్వనియ్యండి. ఎవరన్న నవ్వితే చూడాలని నాకూ ఉంది. కొంచెం గటు తిరగండి. ఎడమ చెవి కనబడాలె.”

“పొద్దటి సంది చెవి, చెవి అనే అంటున్నవ్. నాకు మొహం లేదా?”

“మొహం అయిపోయింది. చెవొక్కటే మిగిలింది.”

“అయిపోయిందా? ఎప్పుడు గీసినవ్? ఏది, చూపియ్యి.”

“చూపిస్త. ముందు కూసోండి.”

“ఎట్ల గీసినవ్? నేను నిద్రపోతుంటే తలకాయ కొలిసినవా ఏంది?”

“కొలుసుడేం లేదు. ఎంత పెద్దోడి తలకాయైనా ముందుగాల గుడ్డే. గుడ్డు గీసుకోవాలె.”

“నా తలకాయ కోడిగుడ్డా?”

“అందరిదీ కోడిగుడ్డే. లోపల మంచిగున్నదో మురిగిందో పగిలినంకనే తెలుస్తది.”

“ఇయ్యాల నీ మాట తేడాగున్నది.”

“బొమ్మ సంగతే చెప్తున్న. గుడ్డు కింద అగ్గిపెట్టె లెక్క ఒక డబ్బా గీస్తే దవడ. దాని కింద గొట్టం గీస్తే మెడ. గంతే, మనిషైపోయిండు. తర్వాత గుడ్డు నడిమిట్ల అడ్డంగ ఒక గీత—”

“కండ్లకు.”

“అవ్, కండ్లకు. నిలువుగ ఇంకోటి—”

“ముక్కుకు. గుడ్డుకు రెండు రబ్బరు బ్యాండ్లు తొడిగి అటు ఇటు వంచితే అవ్వి ఎట్ల వంగుతయో, కండ్లు, ముక్కు గట్లనే వంగుతయ్. గంత మాత్రం నాకు తెల్వదనుకున్నవా? ఏంది గట్ల చూస్తున్నవ్?”

“రబ్బరు బ్యాండ్ల సంగతి నేను చెప్పలే.”

“చెప్పినవ్. మొన్న అన్నం తినేటప్పుడు.”

“మొన్న అన్నం తినేటప్పుడు మీరు ఫోన్ల ఉన్నరు. ఇంకింత పప్పు ఎయ్యాల్నా అంటే గూడ తల ఎత్తలే.”

“అయితే యూట్యూబ్ల చూసిన.”

“మీరు? యూట్యూబ్ల? మిర్చి రేటు తప్ప మీరు ఇంకోటి చూడంగ నేనైతే ఎన్నడు చూడలే.”

“ఏదో ఒకటి కండ్లపడుతది. గింత దానికి లొల్లేంది?”

“లొల్లి లేదు. ఆ ఉపాయం మా సారు సొంతంగ కనిపెట్టిండంట. ఉడకబెట్టిన గుడ్డు ఒకటి, రబ్బరు బ్యాండ్లు రెండు చేతుల పెడతడు. గీసినంక గుడ్డు తినేయమంటడు. గట్ల నేర్పేటోళ్లు ఇంకెక్కడా లేరని చెప్పిండు.”

“ఆయన చెప్పిండు, నువ్వు నమ్మినవ్.”

“నేను నమ్మేదాన్నే గద. ఎవరేం చెప్పినా నమ్ముత. అది నాకంటె మీకే బాగ తెలుసు.”

“జల్దీ కానియ్యి.”

“ఏ సారు దగ్గర నేర్చుకుంటున్నవ్ అని ఒక్కనాడన్న అడిగిన్రా?”

“ఎవరైతేంది?”

“అడిగిన్రా?”

“నాకేం పనుల్లేవా? ఎవరో ఒకరు ఆడోళ్లకు నేర్పేటోళ్లు ఉంటరనుకున్న.”

“బలరాం సారు.”

“ఏ బలరాం?”

“భద్రాచలంల బొమ్మలు నేర్పే బలరాం సార్లు ఎంతమంది ఉన్నరు? బస్టాండ్ ఎనక, పై అంతస్తుల. శనివారం శనివారం.”

“శనివారమా?”

“కదలొద్దన్న గద. అవ్, శనివారమే. పెద్దోళ్లకు పిల్లలకు ఒక్కటే క్లాసు. అందరం చాపల మీద కూసుంటం. నా చుట్టు అన్ని గింతగింత పిల్లలే. నన్ను పెద్దమ్మా అంటరు. రబ్బరు దొరకకుంటే నాదే గుంజుకుంటరు. ఏంది, దొంగకు తేలు కుట్టినట్టు చప్పుడు చెయ్యరు?”

“కదలొద్దంటివి గద.”

“నోరు కదిలిస్తే చెవి కదలదు. మాట్లాడండి.”

“ఆ క్లాసు మానెయ్యి.”

“ఎందుకు?”

“మానెయ్యమంటే మానెయ్యి. తండాల పుట్టినోడు నేర్పుడేంది, మనోళ్లు పోయి చాప మీద కూసునుడేంది!”

“తండోళ్ల పేరు మీద భూమి కొనుక్కోవచ్చు గని, తండోళ్ల దగ్గర బొమ్మలు నేర్చుకోవద్దా?”

“ఆ సంగతి వేరు. ఏజెన్సీల గిరిజనులు కాని మనసొంటోళ్ల పేరు మీద భూమి కొనరాదు. చట్టం ఒప్పదు. అందుకే ఆ సరళ పేరు మీద రాయించిన. నీకు ఎన్నిసార్లు చెప్పాలె? పేరుకే.”

“పేరుకే.”

“అవ్, పేరుకే. దున్నేది మనం, కోసేది మనం.”

“మరి సరళ ఏం చేస్తది?”

“ఏం చేస్తది? తోటకాడ ఉంటది. కాపలా చూస్తది.”

“నేను ఆమెను ఒక్కసారే చూసిన. భూమి కొన్నప్పుడు మీరే ఎంటబెట్టుకొని వచ్చిన్రు. ఇరవై ఏండ్లు గూడ ఉండవ్ అప్పుడు. గడప అవతల నిలబడితే చెంబుతోని నీళ్లిచ్చిన. లోపలికి రా అని నోటిమాటకన్న అనలే. ఎండల నిలబడే తాగి పోయింది.”

“ఎప్పటి ముచ్చట అది! ఇప్పుడెందుకు?”

“మా చెల్లె పోయింది గూడ ఆ ఏడే గద, కారేపల్లిల.”

“అవ్.”

“దాని బిడ్డ సాహిత్య అప్పుడు ఉయ్యాలల ఉంది. తల్లి లేని పిల్ల, మనకెట్లాగూ పిల్లల్లేరు, తెచ్చుకొని సాదుకుందమండి అని మీ కాళ్లు పట్టుకున్న.”

“హైమా, ఇగ ఊకో.”

“మీరేమన్నరు?”

“నాకు గుర్తులేదు.”

“నాకు గుర్తుంది. పిల్లల లొల్లి నాకు పడదు అన్నరు. రాత్రంత ఏడుస్తరు, ఇల్లు ఇల్లు లెక్క ఉండదు అన్నరు. నిజమే కావొచ్చు, పడదేమో పాపం అనుకున్న. పక్కింటి పిల్లలు టీవీ చూడనీకొస్తే, అంకుల్ వచ్చే టైమైంది పొమ్మని నేనే ఎల్లగొట్టేదాన్ని. ఆ పిల్లలు ఇప్పటికీ మన గేటు ముట్టరు.”

“ఎవరి స్వభావం వాళ్లది. పడకపోతే పడదనే చెప్పిన. తప్పా?”

“తప్పని ఎవరన్నరు? పోయిన వానాకాలం గోదారి వీధులల్లకు వచ్చినప్పుడు గూడ మిమ్మల్ని తప్పన్ననా?”

“రోడ్డు మునిగింది. పర్ణశాలల ఇరుక్కున్న. ఫోన్ చేసి చెప్పిన గద.”

“చెప్పిన్రు. నేను ఒక్కదాన్నే బియ్యం, బట్టలు, మీ అమ్మ ఫోటో అన్ని మెట్లెక్కించిన. నడుం పడిపోయింది. ఆయన అక్కడ ఒక్కడే ఏం తిప్పలు పడుతున్నడో అని మీ కోసం ఏడ్చిన గూడ. మీరు అక్కడ ఎవరి సామాన్లు మెట్లెక్కించిన్రో.”

“పిచ్చి పిచ్చిగ మాట్లాడకు. బొమ్మ ఇటు తే, చూసి పోత.”

“ఇగో, చూడండి. లేవొద్దు, కూసోనే చూడండి.”

“ఇదేంది? ముక్కు రంధ్రాలు రెండూ కనబడుతున్నయ్. నోటి కింద గదువ గింత లావు! కండ్లు ఏడనో పైన ఉన్నయ్. చెవుల జాగ చూస్తే కిందికి దిగింది.”

“కింది నుంచి చూస్తే గట్లనే ఉంటది. తలకాయను పై నుంచి చూస్తే కండ్ల గీత ఉయ్యాల లెక్క కిందికి వంగుతది. కింది నుంచి చూస్తే ఆకాశంల సింగిడి లెక్క పైకి లేస్తది. మా సారు మొదట నేర్పింది గదే.”

“నువ్వు నన్ను కింది నుంచి ఎప్పుడు చూసినవ్?”

“బొమ్మ చూస్తే గీసినోళ్ల కండ్లు ఎంత ఎత్తుల ఉన్నయో తెలిసిపోతది. దాచుదమన్నా దాగదు. ఇవి మీ నడుం కాడికున్న కండ్లు.”

“చాప మీద కూసోని గీసినట్టున్నవ్.”

“చాప మీద కూసోని గీసిందే.”

“పైగ పండ్లన్ని బయటపెట్టి నవ్వుతున్నట్టున్నది. నేను గట్ల ఎప్పుడు నవ్విన?”

“నేనైతే చూడలే.”

“చూడకుంట ఎట్ల గీసినవ్ మరి?”

“నేను చూడలేదంటే మీరు నవ్వలేదని కాదు గద.”

“నీ మాటలు నాకర్థమైతలేవ్. ఈ చెవికాడ ఏంది, కాగితం చిరిగేదాక రుద్దినవ్?”

“అదే రాలే. ఎన్నిసార్లు చెరిపి గీసినా రాలే. మీ ఎడమ చెవి తమ్మె తెగి ఉంటది గద, చిన్నప్పుడు ముండ్లకంచె గీరి. అది గియ్యనీకె కష్టం.”

“కుడి చెవి గియ్యరాదు?”

“వద్దు. తెగిందే గియ్యాలె. అది లేకుంటే మీరు కానట్టే.”

“సరే తియ్యి, గీసుకో. నేను పోయొస్త.”

“ఒక్క మాట చెప్పి పోండి.”

“అడుగు.”

“సరళకు పిల్లలున్నరా?”

“నాకేం తెలుసు?”

“ఆదివారం ఆదివారం పోతరు గద.”

“నేను తోటకు పోత. ఆమె ఇంట్లకు పోతనా?”

“ఉన్నరా, లేరా?”

“లేరు.”

“ఆలోచించి చెప్పండి.”

“లేరంటే లేరు. ఆమెకు పెండ్లే కాలే. పిల్లలెక్కడి నుంచి వస్తరు?”

“చూడండి, నేను లొల్లి పెట్టుకోను. మా అన్నలను పిలిచి పంచాయితి పెట్టను. ఉన్నదున్నట్టు మీ నోటితోని ఒక్క మాట చెప్పండి. నాకు అదొక్కటే కావాలె. ఇన్నేండ్లల్ల నేను ఇంకేమన్న అడిగిన్నా?”

“లేనిది ఉన్నదని ఎట్ల చెప్పాలె? ఎవరో నీ చెవుల ఏదో ఊదిన్రు. నా ఎదుగుదల చూసి ఓర్వలేనోళ్లు సవాలక్ష మంది ఉన్నరు.”

“ఎవ్వరూ ఏం ఊదలే.”

“అయితే నీకే బుర్ర తిరిగింది. ఇంట్ల ఒక్కదానివే కూసోని లేనిపోనివన్నీ ఊహించుకుంటవ్. నీకు పిల్లల్లేరు, నాకు పిల్లల్లేరు. అంతే. కావాలంటే రామయ్య మీద ఒట్టు—”

“ఒట్టొద్దు. ఆయన పెండ్లాన్ని పోగొట్టుకున్నది గూడ ఆ పర్ణశాలల్నే.”

“హైమా!”

“చివరిసారి అడుగుతున్న. ఈ లోకంల మీకు బిడ్డ అనేటోళ్లు ఎవ్వరూ లేరు?”

“లేరు. లేరు. లేరు. చాలా? బండి తాళం ఏది?”

“కూసో.”

“ఏందీ?”

“కూసో అన్న. పని కాలే.”

“నీ బొమ్మ ఎప్పుడైనా గీసుకోవచ్చు. సాయంత్రం వచ్చినంక కూసుంట తియ్యి.”

“నాది కాదు.”

“ఏంది నీది కాదు?”

“ఈ బొమ్మ. ముక్కు చూసి గుర్తుపట్టిన, నుదురు చూసి గుర్తుపట్టిన. ఆ నవ్వు చూసి మాత్రం వేరే మనిషేమో అనుకున్న. నిన్న సాయంత్రం ఈ బొమ్మ గీసిన పిల్లను సరళ తోలుకపోనీకె వచ్చేదాంక గట్లనే అనుకున్న. ‘పెద్దమ్మా, మా నాన్న తెగిన చెవి నాకు వస్తలేదు, నువ్వు గీసిస్తవా’ అని నీ బిడ్డ నా ఒళ్ల తలపెట్టి ఏడ్చింది. వచ్చే శనివారం గీసి తెస్తనని మాటిచ్చిన. కదలకు.”