కుడి స్కీ మైనం

ఈస్టర్ సెలవులకు వచ్చిన కొండమీది చెక్క ఇంటి వసారాలో, మంచు మీద జారే స్కీ పలకల అడుగున పాత మైనం గీకే విషయమై భార్యాభర్తలు అప్పటికే చాలాసేపుగా వాదించుకుంటున్నారు.

"నా స్కీలు నేనే గీక్కుంటానని చెప్పానా లేదా?"

"వంగలేనివాడివి ఎలా గీక్కుంటావు? పొద్దున మేజోళ్లు కూడా నేనే తొడిగాను."

"నడుం పట్టేసింది, అంతే. మంచులోకి దిగితే అదే సర్దుకుంటుంది."

"అయితే ఇది చూడు. ఎడమదాని మైనం అంతా అరిగిపోయింది. కుడిదానికి రాసింది రాసినట్టే ఉంది."

"మంచు మెత్తగా ఉందిలే."

"రెండూ ఒకే మంచు మీద పోలేదా? కాలితో నొక్కి తన్నితేనే కదా మైనం అరిగేది! కుడికాలితో నువ్వు తన్నడమే లేదు. ఎప్పటినుంచి?"

"తొడలోంచి మడమదాకా కరెంటు కొట్టినట్టుండేది. ఈమధ్య అదీ లేదు. తగ్గిందనుకుని సంతోషించాను."

"తగ్గలేదు, మొద్దుబారింది. ఆపరేషన్ చేయించుకోక వెన్నులో నరం ఇంకా నలిగితే ఆ పాదం మళ్లీ లేవదని డాక్టరు చెప్పినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను."

"రేపు మన అమ్మాయి రాగ్నిల్ మొదటిసారి పెద్ద స్కీ పందెంలో దిగుతోంది. పక్కనే నేనూ స్కీల మీద వస్తానని మాటిచ్చాను."

"కొండ మధ్యలో నువ్వు కూలబడితే, నిన్ను ఈడ్చుకొచ్చేది కూడా ఆ పిల్లే."



రాత్రి భోజనాల దగ్గర రాగ్నిల్, ఆమె తాతయ్య, అందరూ కూర్చున్నా అతను కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"రాగ్నిల్, రేపు తాతయ్యతో వెళ్లమ్మా. నేను ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. ఆ తర్వాత స్కీ ఎక్కుతానో లేదో డాక్టరుకే తెలీదు. ఇక ఆ సంగతి ఎవరూ నన్నడక్కండి."