వంపు

మునిసిపల్ ఆఫీసు హాల్లో ఊరి ఇరవయ్యేళ్ళ ప్లాను గోడకు అంటించి ఉంది. చూడడానికి వచ్చిన జనమంతా వెళ్ళిపోయాక, దాన్ని గీసిన ఇంజనీరు దగ్గర వాళ్ళక్క ఒక్కతే మిగిలింది. పొద్దుటి నుంచీ ఆమెకు ఒళ్ళు మండుతోంది.

“ఈ కొత్త రోడ్డు స్టేషన్ దగ్గర్నుంచి తిన్నగా వచ్చింది కదరా. మా వీధికొచ్చేసరికి ఎందుకు వంగింది?”

“ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అక్కా.”

“ఇంకెక్కడి ఇల్లు? దాని మీద నుంచేగా వేశావు. తిన్నగా పోతే ఏం అడ్డొచ్చింది?”

“ఏం లేదు, ఆ పాడుబడ్డ గోడౌను. మొదట దాని మీదుగానే గీశాను.”

“మరి మధ్యలో ఏం పుట్టింది నీకు?”

“మీటింగులో ఒకడు లేచి, అక్క ఇల్లు భలే తప్పించావే అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.”

“అందుకని నా కొంప కూలుస్తావా?”

“రేపు నన్నెవడూ వేలెత్తి చూపకూడదు. నువ్వైతే అర్థం చేసుకుంటావనుకున్నా. నిన్ను రోడ్డున పడేస్తానా? మా మేడమీద గది నీదే.”

ఆమె కళ్ళజోడు పెట్టుకుని గోడకు దగ్గరగా జరిగింది. తన ఇంటితో పాటు పక్కన మరో మూడిళ్ళకు ఎర్రరంగు పూసి ఉంది.

“ఇవేంటి?”

“అవీ వంపులో పడ్డాయి. తప్పదు.”

“తిన్నగా వేస్తే పడేవా?”

అతను కిటికీ వైపు చూశాడు.

“నేనంటే నీ అక్కని. నీ పరువు కోసం పోయిందిలే అనుకుంటా. వాళ్ళు నీకేమవుతార్రా?”