పెదాలు కదిపిన పిల్ల

దగ్గరికి రండర్రా. ఆ అరుగు చివర తడిగా ఉంది, ఇటు చాప మీదకి జరగండి. దేవీ, నువ్వేంటమ్మా స్తంభం చాటున? ఏడ్చావా?

"రేపు మా బడికి ఇంగ్లండు నించి ఎవరో వస్తున్నారండి మాస్టారూ. అందరం కలిసి ఇంగ్లీషు పాఠం చదవాలండి. నేను పలికేది మోటుగా ఉంటుందని, ఊరికే పెదాలు కదపమన్నారండి మా టీచరు గారు."

పెదాలు కదపమన్నారా. ఊఁ... ఆవిణ్ణేమీ అనకండర్రా. ఆ మాట నేనూ అన్నాను ఒకప్పుడు.

అప్పుడు నేను కొల్లేటి లంకలో ఒక ఊళ్ళో పనిచేసేవాణ్ణి. వానాకాలం ఏలూరు వెళ్ళాలంటే దోనె ఎక్కాల్సిందే, మనిషికి అర్ధరూపాయి. కాదు కాదు, రూపాయి. అర్ధరూపాయి మా నాన్నగారి రోజుల్లో. సరే, చేపల చెరువుల పని నేర్పడానికని ఒక ఇంగ్లీషు దొరగారు వచ్చి ఏలూరులో కాపరం పెట్టారు. వాళ్ళావిణ్ణి దొరసాని గారు అనేవాళ్ళం. ఆవిడ మా బడి చూస్తానని కబురు పెట్టారు.

నాకు భయం పట్టుకుంది. మా ఇంగ్లీషు పాఠం ఎలా ఉండేదో తెలుసుగా, నేనొక వాక్యం చదివితే పిల్లలంతా రాగం తీసి మళ్ళీ అనడం. అందరికంటే పైకి వినపడేది నాగమణి గొంతు. దోనె నడిపే ఆయన కూతురు, ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డుకి కేకేసే గొంతది. 'వాటర్' అందంటే చివరి 'ర' బడి కప్పుకి తగిలేది. నేనేమో రేడియో వార్తలు విని, ఇంగ్లీషు వాళ్ళు ఆ 'ర'ని మింగేస్తారని కనిపెట్టినవాణ్ణి. అద్దం ముందు నిలబడి మింగడం నేర్చుకున్నాను కూడా! మీ మామ్మగారు చూసి, "ఏవండీ, గొంతులో ముల్లేమైనా దిగిందా?" అని అరటిపండు తెచ్చిచ్చింది. నవ్వండి, నవ్వండి.

ముందురోజు నాగమణిని పిలిచి, "రేపు పెదాలు మాత్రం కదుపమ్మా, గొంతు రానివ్వకు" అన్నాను. "ఆయ్" అంది. అంతే.

దొరసాని గారు వచ్చారు. కుర్చీ మీద కొత్త తువ్వాలు పరిస్తే, ఆవిడ వెళ్ళి ఆఖరి బల్ల మీద పిల్లల మధ్య కూర్చున్నారు. కాసేపు విని, పక్కనున్న నాగమణిని "నువ్వొక్కదానివీ చదువు" అన్నారు. పిల్ల లేచింది. పుస్తకం పట్టుకుంది. పేజీ అంతా చదివిందర్రా, ఒక్క చప్పుడు లేకుండా. "చదువమ్మా, పర్లేదు" అన్నాను. అయినా పెదాలే కదిలాయి.

దొరసాని గారు నావైపు చూశారు. తర్వాత టీ తాగుతూ, నాకర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పారు. ఆవిడది లండను కాదట, ఎక్కడో ఉత్తరాన గొర్రెలు మేపుకునే ఊరట. వాళ్ళమ్మ 'వాటర్' అంటే చివరి 'ర' మనకిలాగే వినపడేదట. పట్నం బడిలో నవ్వారని ఈవిడ మానేశారు. పెళ్ళయ్యాక దేశాలు తిరిగారు, ఏ దేశం వెళ్ళినా ముందు చెవి పెట్టేది అక్కడివాళ్ళు ఇంగ్లీషు ఎలా పలుకుతారనేనట.

"ఆఫ్రికాలో ఒక తీరు, సింగపూరులో ఒక తీరు. ఏలూరు బజార్లో సోడా కొట్టే ఆయన 'వాటర్' అంటే, మా అమ్మేమో అని వెనక్కి తిరిగాను మాస్టారూ. ఇప్పుడు నేనలా అందామన్నా నాకు రాదు. ఫోను చేస్తే మా అమ్మే, మాట్లాడేది ఎవరండీ అంటుంది."

మర్నాడు నేను మింగడం మానేశాను. నాకొచ్చిన మా ఊరి పెంటపాడు ఇంగ్లీషులోనే చదివాను. క్లాసంతా అంది. నాగమణి అనలేదు. బతిమాలాను. తప్పు నాదేనమ్మా అన్నాను. ఏడాది చివరికి కాస్త వచ్చింది, పక్క బల్లకి వినపడేంత. ఆ ఒడ్డుకి వినపడే గొంతు మాత్రం... నా క్లాసులో మళ్ళీ వినలేదర్రా.

అందుకని దేవీ, రేపు పొద్దున్నే వచ్చి మీ టీచరు గారితో నేను మాట్లాడతాను. మంచావిడే, నాలాగే భయపడుంటారు. ఒప్పుకుంటారో లేదో, అడుగుతాను. నీ పని మాత్రం ఇవాళే ఉంది.

పదండి, మీ అమ్మలు కంచాలు పెట్టేసుంటారు. పులుసు చల్లారితే నన్నంటారు. దేవీ, ఆ పాఠం చదువుకుంటూ వెళ్ళమ్మా. నేనిక్కడే కూర్చుంటాను. మలుపు తిరిగేదాకా నాకు వినపడాలి.

ఊఁ... ఇంకాస్త గట్టిగా.