ఒకే పక్కకు తిరిగిన చెక్క చేపలు

పెద్ద చేపలకు ఎరగా తమ్ముడు పాత చెక్కలతో చేసిన బొమ్మ చేపలకు అక్క దారం కట్టి, పెరట్లోని తొట్టి నీళ్లలో ఒక్కొక్కటిగా లాగి చూస్తోంది.

"నీ చేపలన్నీ కుడిపక్కకే పోతున్నాయేంట్రా?"

"విరిగిన కుర్చీ కాలు కదక్కా. చెక్కలోనే వంకరుంది."

"ఒకటి కుర్చీ కాలు, ఒకటి పార పిడి, ఇదేమో తలుపు ముక్క. మూడూ కూడబలుక్కుని వంకరపోయాయా? మూతి దగ్గర బెజ్జం చూడు, అన్నిటికీ ఒకే పక్కకి పడింది."

"చెయ్యి వణికుంటుంది."

"వణికితే తలో దిక్కుకీ పోయేవి. తేడా నీ చూపులో ఉంది. కుడి కన్ను మూసుకో. ఇవెన్ని వేళ్లు?"

తమ్ముడు ఎడమ కన్ను చికిలించి చూసి, తల దించుకున్నాడు.

"ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు. కాస్త మసక, అంతే."

"రెండు నెలలుగా ఆ కంటితోనే బడి బస్సు నడుపుతున్నావా?"

"తెలిస్తే తీసేస్తారక్కా. నాకింకో పని రాదు."

"తీసేస్తారు, నిజమే. ఆ బస్సులో నలభై మంది పిల్లలుంటారు."

"ఇంకో గంటలో బడి వదులుతారు. ఇప్పటికిప్పుడు వాళ్లనెవరు దించుతారు?"

"నువ్వు మాత్రం కాదు."

అతడు చేతులకంటిన చెక్కపొట్టు చొక్కాకి తుడుచుకుని, ఫోన్ తీశాడు.

"సార్, ఈ పూట బస్సుకి ఇంకో డ్రైవర్ని పంపండి... లేదు సార్, జ్వరం కాదు."