పదకొండుసార్లు తిప్పిన రికార్డు

ఎస్సై గారూ, ఒక ఆడమనిషి గొంతును ఆమె కళ్లముందే గీకి పారేసినవాడు ఫిర్యాదుదారు, దాన్ని ఎత్తుకెళ్లిన నేను దొంగ. మరి ఆమెను మీ కాగితంలో ఏమని రాస్తారు?

నా పేరు కొమురెల్లి, తండ్రి పోశయ్య, వయసు నలభై ఆరు. ఉండేది పీర్జాదిగూడ. నాచారంలో గ్రానైట్ పాలిష్ పని. ఆదివారాలు మా రేకుల షెడ్డులో బైబిలు వాక్యం చెబుతాను. బడికి పోలేదు. వాక్యం చదవాలనే అక్షరాలు నేర్చుకున్నాను.

17-11-2012 శనివారం ఉదయం పదిన్నరకు హెచ్ఎంటీ నగర్‌లో ఇంజనీరు ఉమాపతి గారింటికి రెండు గ్రానైట్ రాళ్లు తీసుకెళ్లాను. రికార్డులు వినే టర్న్‌టేబుల్ కింద బరువైన రాయి ఉంటే అదురు రాదట. అక్కడ రెండు టర్న్‌టేబుళ్లున్నాయి. బెల్టుతో తిరిగేది ఆయనది. మోటారు నేరుగా తిప్పేది ఆయన స్నేహితుడు హృషికేశ్ గారు అమ్మడానికి తెచ్చినది. ఏది ఉంచుకోవాలో ఆ రోజు తేల్చుకోవాలి. నేను మట్టం చూసి రాళ్లు సర్దాను.

రెంటి మీదా ఒకే రికార్డు మార్చి మార్చి పెట్టారు. అది ఉమాపతి గారి భార్య రాజేశ్వరమ్మ గారు పద్దెనిమిదేళ్లప్పుడు పాడిన పాట. బజారు రికార్డు కాదు. మద్రాసులో ఆమె కోసం ఒక్కటే చెక్కి ఇచ్చారట. రెండేళ్ల కింద ఆమెకు గొంతు ఆపరేషన్ అయింది. మాట పోయింది. ఆమె గుమ్మం దగ్గర పలక పట్టుకుని కూర్చుంది.

"ప్రసంగాలు చేస్తావుగా, గొంతుల సంగతి నీకు తెలుస్తుంది. చెప్పు, దేంట్లో బాగుంది?" అని ఉమాపతి గారు అడిగారు.

నాకు పొగరెక్కింది. అదీ రాసుకోండి. "బెల్టు దాంట్ల గొంతు జర మెత్తగుంది సార్. రెండోదాంట్ల ముందటికొస్తుంది. ఇంకోపారి పెట్టుండ్రి" అన్నాను. ఇంకోసారి అన్నది నేనే.

నాలుగోసారికి ఆమె పలక మీద రాసి చూపింది: చాలు.

"గొంతు పోయినా గొణుగుడు పోలేదు, చూశావా హృషీ" అన్నారు ఉమాపతి గారు. హృషికేశ్ గారు నవ్వారు. నేనూ నవ్వాను.

ఏడోసారికి సూది కొసన నల్లటి పొడి కనిపించింది. ఆయన బ్రష్షుతో దులిపారు. ఎనిమిదోసారి మళ్లీ వచ్చింది. నాది రాతిపని. పొడి ఊరికే రాలదు. రాలింది తిరిగి రాయికి అంటదు.

"ఇది అరుగుతున్నది సార్, ఆపుండ్రి."

"తెలుసులేవయ్యా. దీని పూత మెత్తన. తిప్పినప్పుడల్లా కొంచెం పోతుంది."

"మరి సీడీల ఎక్కించలేదా?"

"సీడీలోకి ఎక్కిస్తే శవం పాడినట్టుంటుంది. నాకు గొంతు బతికుండాలి."

ఆమె వింటూనే ఉంది.

పదకొండోసారి పల్లవి చివర ఆమె తీసే రాగం రాలేదు. కాగిన నూనెలో నీళ్లు పడ్డట్టు చిటపట వచ్చింది. ఆమె గొంతు మీది మచ్చను అరచేత్తో మూసుకుంది. "సూది నాసిరకం. సోమవారం కొత్తది తెస్తా, మళ్లీ మొదటినుంచి చూద్దాం" అన్నారు ఉమాపతి గారు. ఆమెను అన్నం వడ్డించమన్నారు. పప్పులో ఉప్పు చూసుకోమన్నారు.

ఒంటిగంట పదికి వాళ్లు భోజనానికి కూర్చున్నారు. ఆమె రికార్డును కవరులో పెట్టి నా చేతికిచ్చింది. పలక మీద రాసింది: తీసుకుపో. నేను చదవగానే కొంగుతో తుడిచేసింది. నాకున్న సాక్ష్యం అంతే.

రికార్డు మా షెడ్డులో వాక్యం పుస్తకం పెట్టే పెట్టెలో ఉంది. నోరు లేనివాళ్ల పక్షాన నోరు తెరవమని ఆ పుస్తకమే చెబుతుంది. శనివారం నేను నోరు తెరిచింది టర్న్‌టేబుళ్ల పక్షాన. అది నా నేరం. దానికి మీ దగ్గర సెక్షన్ లేదు.

ఇది నా నోటి నుంచి వచ్చినట్టే రాశారు, చదివించుకుని విన్నాను. ఇందులో కలిపిందీ లేదు, దాచిందీ లేదు.

సంతకం: కొమురెల్లి
19-11-2012, సోమవారం

సంతకం కింద నా చేత్తో రాస్తున్నది: రెండు కావస్తోంది సార్. నాలుగింటికి ఆయన రికార్డు కోసం ఠాణాకు వస్తారు, కొత్త సూది కొనుక్కొని. అది ఇంకొక్కసారే పలుకుతుందేమో. ఆ ఒక్కసారి సీడీలోకి ఎక్కించేచోట, ఆమె ఎదుట పలకాలి. నన్ను లోపలేయడానికి తొందర లేదు. ముందు ఆమె దగ్గరికి మనిషిని పంపండి. పలక ఆమె చేతికిచ్చి, రికార్డు నాకెవరిచ్చారో, దాన్నేం చేయాలో అడగండి. ఇయ్యాలే, నాలుగు కొట్టకముందే.